కప్పు ఒక్కరోజుది, కోర్టు ఏడాదిది
గుమ్మలక్ష్మీపురం మన్యంలో ఆటలు ఏం మారుస్తాయి? పది అంకెల్లో ఒక లెక్క

పార్వతీపురం మన్యం జిల్లాలో ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం గుమ్మలక్ష్మీపురం. సవర, జాతాపు కుటుంబాలు ఎక్కువ. వరి కోతలు అయిపోయి సంక్రాంతి దగ్గర పడేసరికి ఈ కొండల కింద ఊళ్లన్నీ ఆటల మీదుంటాయి. కళ్లాలే కోర్టులవుతాయి. వెదురు గెడలు పాతి వల కడతారు, ముగ్గుపిండితో గీతలు గీస్తారు. పక్క పంచాయతీల నుంచి జట్లు వస్తాయి. షీల్డు ఎవరికో ఒకరికి దక్కుతుంది, ఫొటోలు దిగుతారు, అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు.

ఆ తర్వాత ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. పోటీ పెట్టడానికి ఎంత ఖర్చయింది, ఎన్ని జట్లు వచ్చాయి, ముఖ్య అతిథి ఎవరు అన్న వివరాలు పత్రికల్లో వస్తాయి. మూడు నెలలు గడిచాక ఆ పిల్లల్లో ఎంతమంది ఇంకా ఆడుతున్నారో ఎవరూ రాయరు. ఆటల పోటీ ఒక ఊరిని మార్చిందా లేదా అన్నది తేలేది అక్కడే. పిల్లల ఆట మెరుగుపడిందా లేదా అన్నదీ ఆ మూడు నెలల్లోనే తేలుతుంది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటేనని కింది పది అంకెలు చెబుతాయి.

54 అధ్యయనాలు

పెద్ద క్రీడోత్సవం వస్తే ఊరు బాగుపడుతుంది, జనం ఆరోగ్యంగా తయారవుతారు, ఉద్యోగాలొస్తాయి అని ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. ఈ మాటలో నిజమెంతో చూడటానికి కొందరు పరిశోధకులు 1978 నుంచి 2008 దాకా ఒలింపిక్స్, కామన్వెల్త్ వంటి పెద్ద క్రీడోత్సవాల మీద వచ్చిన 54 అధ్యయనాలను ఒకచోట పెట్టి పరిశీలించారు. 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ సమీక్ష వెలువడింది. ఆతిథ్య నగరాల ప్రజలకు ఆరోగ్యపరంగా గానీ ఆర్థికంగా గానీ మేలు జరిగిందని చెప్పడానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది. కీడు జరిగిందనడానికీ ఆధారం చాలలేదు. ఉత్సవం జరిగితే చాలు, మేలు దానంతట అదే వస్తుందన్న నమ్మకానికి మాత్రం పునాది లేదని అర్థమైంది.

మన రాష్ట్రంలోనూ పెద్ద ప్రయత్నమే జరిగింది. 2023 డిసెంబరు 26న మొదలైన 'ఆడుదాం ఆంధ్రా' పోటీలను గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి నడిపారు. రాష్ట్రంలో సచివాలయాలు 15,004. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖో ఖో, బ్యాడ్మింటన్ అని ఆటలు ఐదు. సచివాలయం నుంచి మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం అని మెట్లు కూడా ఐదు. ఇంత వెడల్పున, ఊరి గడప దాకా పోటీ రావడం చిన్న విషయం కాదు. అయితే ఐదో మెట్టు ఎక్కిన కొద్దిమంది సంగతి అందరికీ తెలుస్తుంది. మొదటి మెట్టు దగ్గరే ఓడి వెనక్కి వెళ్లినవారే లక్షల్లో ఉంటారు. వాళ్లకు మర్నాడు ఆడుకోవడానికి కోర్టు మిగిలిందా, నేర్పడానికి మనిషి మిగిలాడా అన్నదాన్ని బట్టే అంత పెద్ద కార్యక్రమానికి విలువ కట్టాలి.

38 ఏళ్లు

గుమ్మలక్ష్మీపురం దాటితే ఒడిశా. ఆ రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉన్న సుందర్‌గఢ్ జిల్లా కూడా గిరిజన ప్రాంతమే. అక్కడి పల్లెల్లో 'ఖస్సీ' టోర్నమెంట్లని ఆడతారు. హాకీ ఆడి గెలిచిన జట్టుకు మేకపోతు బహుమానం. మన సంక్రాంతి పోటీలకు దగ్గరి చుట్టం లాంటి ఆచారం. అలాంటి పల్లెల నుంచి వచ్చినవాడే దిలీప్ తిర్కీ. దేశం తరఫున 412 అంతర్జాతీయ మ్యాచులు ఆడాడు, జట్టుకు కెప్టెన్‌గా చేశాడు. అమిత్ రోహిదాస్, బీరేంద్ర లక్రా, దీప్ గ్రేస్ ఎక్కా అదే జిల్లా బిడ్డలు.

మేకపోతు కోసం ఆడిన పిల్లలు భారత జట్టు దాకా ఎలా వెళ్లారు? పల్లె టోర్నమెంటుకూ జాతీయ జట్టుకూ మధ్య ఒక మెట్టు ఉంది. రూర్కెలాలోని పన్‌పోష్‌లో 1985లో ప్రభుత్వం స్పోర్ట్స్ హాస్టల్ పెట్టింది. బాగా ఆడే పిల్లలు కనబడితే తీసుకెళ్లి అన్నం పెట్టి, చదువు చెప్పి, పొద్దున్నా సాయంత్రం ఆడించే చోటు అది. ప్రపంచకప్ మ్యాచులకని 20 వేల సీట్ల బిర్సా ముండా స్టేడియం రూర్కెలాలో తెరుచుకున్నది 2023 జనవరిలో. ముందు హాస్టల్, 38 ఏళ్ల తర్వాత స్టేడియం. సుందర్‌గఢ్ నుంచి మన మన్యం నేర్చుకోవాల్సింది ఈ వరసనే.

18 సెంట్లు

కొండ ప్రాంతంలో ఆటకు మొదటి అడ్డంకి చదును నేల. ఎనిమిది వరసల 400 మీటర్ల ట్రాక్ వేయాలంటే సుమారు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు కావాలి. నాలుగెకరాల పైమాట. కొండవాలులో నాలుగెకరాల చదును ఉంటే అది ఎవరిదో వరిమడి అయి ఉంటుంది. దాన్ని అడగడం న్యాయం కాదు.

మరి వేరే ఆటలకు ఎంత నేల కావాలి? వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. అంటే 162 చదరపు మీటర్లు. ఖో ఖో 27, 16 మీటర్లు. అంటే 432. కబడ్డీ 13, 10 మీటర్లు. అంటే 130. మూడూ కలిపితే 724 చదరపు మీటర్లు. సెంటుకు 40.47 చదరపు మీటర్ల చొప్పున చూస్తే 18 సెంట్ల లోపే. చుట్టూ పరుగెత్తడానికి, పడినా దెబ్బ తగలకుండా ఉండటానికి వదలాల్సిన జాగా కలుపుకున్నా అర ఎకరం దాటదు. వంద మీటర్ల పరుగుకు వెనక 3 మీటర్లు, గీత దాటాక ఆగడానికి 17 మీటర్లు చేర్చి 120 మీటర్ల నేల ఉంటే చాలు. మూడు వరసలకు వెడల్పు నాలుగు మీటర్లు కూడా అక్కర్లేదు. అది మరో 11 సెంట్లు.

ఇంకా తక్కువ నేలలో ప్రపంచాన్ని గెలిచిన ఆట మనకు పక్కనే ఉంది. వెయిట్‌లిఫ్టింగ్ వేదిక 4 మీటర్లు, 4 మీటర్లు. 16 చదరపు మీటర్లంటే అర సెంటు కూడా కాదు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి అంత చిన్న చోట నిలబడి మొదలుపెట్టింది. శిక్షకుడు నీలంశెట్టి అప్పన్న స్థానికుడే. 1994, 1995ల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. అంతకు తరాల ముందే ప్రపంచం చెప్పుకున్న బలశాలి కోడి రామమూర్తి నాయుడిది వీరఘట్టం. అది ఇవాళ ఇదే పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. నేల చాలదన్న మాట ఈ జిల్లాకు ఎప్పుడూ సాకు కాలేదు. ఉన్న నేలకు తగ్గ ఆటను ఎంచుకోవడంలోనే తెలివి.

900 మీటర్లు

"కొండ పిల్లలు కదా, ఊపిరి పుట్టుకతోనే ఉంటుంది" అన్న మాట తరచూ వింటాం. పొగడ్తలాగే ఉంటుంది గానీ పిల్లలకు మేలు చేయదు. ఎత్తైన చోట ఉంటే రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతుందన్నది నిజమే. అయితే అందుకోసం క్రీడాకారులు శిబిరాలు పెట్టుకునేది 2,000 నుంచి 2,500 మీటర్ల ఎత్తున. కెన్యా పరుగు వీరుల ఇటెన్ పట్టణం సుమారు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది. మన అరకులోయ ఎత్తు 900 మీటర్ల చిల్లర. గుమ్మలక్ష్మీపురం అంతకంటే బాగా కింద, కొండల పాదాల దగ్గర ఉంటుంది. ఈ ఎత్తు వల్ల రక్తానికి ఒరిగేదేమీ ఉండదు. మన పిల్లల కాళ్లలో బలం ఉంటే, అది గెడ్డలు దాటి, గట్లెక్కి, కట్టెలూ నీళ్లూ మోసి రోజూ నడిచిన నడక వల్ల వచ్చింది. అది వాళ్ల కష్టార్జితం.

పుట్టుక మీద నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో కర్ణాటకలో చూశాం. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు పుట్టు పరుగు వీరులని నమ్మి, స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా 1987లో వాళ్ల పిల్లలను ఎంపిక చేసి శిక్షణ మొదలుపెట్టింది. కొందరు పతకాలు తెచ్చారు. 1993లో ఆ పథకం ఆగిపోయింది. ఒక క్రీడాకారుడు పండటానికి పదేళ్లయినా పడుతుంది. ఆరేళ్లకే ఆపేసిన పథకంలో పిల్లలు సగం దారిలో మిగిలిపోయారు. ప్రతిభ రక్తంలో ఉందనుకున్నవాళ్లు, దాన్ని పెంచాల్సిన ఏళ్లను లెక్కపెట్టుకోలేదు.

1.34 మిల్లీలీటర్లు

రక్తంలో నిజంగా చూడాల్సింది ఇంకొకటుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. ఆటలో ఊపిరి, దమ్ము, స్టామినా అని మనం పిలిచేదానికి ఈ చిన్న అంకె ఆధారం.

ఒక లెక్క వేద్దాం. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు ఉండాల్సిన కనీస హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే లీటరు రక్తంలో 120 గ్రాములు. అవి సుమారు 161 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తాయి. అదే అమ్మాయికి 9 గ్రాములే ఉంటే లీటరుకు 121 మిల్లీలీటర్లు. లీటరు దగ్గరే 40 మిల్లీలీటర్లు తక్కువ. గట్టిగా పరుగెత్తేటప్పుడు గుండె నిమిషానికి 15 లీటర్ల రక్తం పంపుతోందనుకుంటే, కండరాలకు అందగలిగే దాంట్లో నిమిషానికి 600 మిల్లీలీటర్లు కోత పడ్డట్టే. నాలుగోవంతు ప్రాణవాయువు లేకుండా ఆ పిల్ల పందెంలో నిలబడింది. రెండో రౌండుకే ఆయాసపడితే "బద్ధకం" అని పేరు పెడతాం.

ఈ ఉదాహరణ మన దగ్గర అరుదైనది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద 10–19 ఏళ్ల పిల్లలకు వారానికొక ఐరన్ మాత్ర ఇవ్వాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో నులిపురుగుల మాత్ర వేయాలి. ఇవి బడిలో ఉచితంగా దొరికేవి. కోచ్ పెట్టే ఏ కొత్త వ్యాయామం కంటే కూడా, రక్తహీనత ఉన్న పిల్ల ఆటను ముందుగా మార్చేవి ఇవే.

మన్యంలో ఇంకో జాగ్రత్త తప్పనిసరి. సికిల్ సెల్ వ్యాధి గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. మామూలు ఎర్ర రక్తకణం 120 రోజుల దాకా బతుకుతుంది. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో 10 నుంచి 20 రోజులే. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. వ్యాధి ఉన్న పిల్లలకు ఐరన్ మాత్రలు వైద్యుడు చూశాకే వేయాలి. ఒక్క జన్యువే ఉన్నవాళ్లు మామూలుగా ఆడొచ్చు. ఎండలో ఒక్కసారిగా ప్రాణం మీదికి తెచ్చుకునేంత పరుగు పెట్టించకూడదు. నీళ్లు తాగిస్తూ ఉండాలి. కండరాలు పట్టేశాయనీ నీరసంగా ఉందనీ చెబితే వెంటనే ఆపాలి. పోటీలకు పేరు రాసుకునే రోజునే ఏఎన్‌ఎంను పిలిపించి రక్త పరీక్ష చేయిస్తే, షీల్డు ఎవరు గెలిచినా ఆ పోటీ వల్ల ఊరికి మేలు జరిగినట్టే.

63 గ్రాములు

45 కిలోల బరువున్న అమ్మాయికి మామూలు రోజుల్లో సుమారు 37 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. రోజూ సాధన చేసే అమ్మాయికి కిలోకు 1.4 గ్రాముల చొప్పున 63 గ్రాములు కావాలి. డబ్బాల్లో అమ్మే పొడులు లేకుండా ఇది కుదురుతుందా?

రోజుకు 400 గ్రాముల బియ్యం అన్నం తింటే 31 గ్రాములు వస్తాయి. 60 గ్రాముల కందిపప్పుతో 13. ఒక గుడ్డుతో 6. 50 గ్రాముల చోడిపిండితో అంబలి కాచుకుంటే మూడున్నర. మొత్తం దాదాపు 54. కొరత తొమ్మిది గ్రాములు. గుప్పెడు వేరుశెనగ గుళ్లు, అంటే 30 గ్రాములు, ఏడు గ్రాములిస్తాయి. ఇంకో గుడ్డు చేర్చితే లెక్క సరి. పైగా చోడిలో 100 గ్రాములకు 360 మిల్లీగ్రాముల పైగా కాల్షియం ఉంది. ఎదిగే ఎముకకు ఇంతకంటే మంచి ధాన్యం లేదు. కంది, ఉలవ, చోడి ఈ కొండల్లో తాతల నాటి పంటలే. బడి భోజనంలో వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నారు. సాధన చేసే పిల్లలకు ఆశ్రమ పాఠశాలలో రోజుకు ఒక గుడ్డు, గుప్పెడు వేరుశెనగలు అదనంగా పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, కట్టుదిట్టంగా అమలు కావాలి. 13–18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కూడా ఆహారంతో సమానం. తెల్లవారుజామున నాలుగింటికి లేపి పరుగెత్తించి, రాత్రి పదింటి దాకా చదివించే హాస్టల్లో ఆట పెరగదు, జబ్బు పెరుగుతుంది.

21 రోజులు

ఈ కథనంలో గుర్తు పెట్టుకోవాల్సిన అంకె ఒకటుంటే ఇదే. బాగా శిక్షణ పొందినవారు ఒక్కసారిగా సాధన ఆపేస్తే ఏమవుతుందో 1984లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కాయిల్ బృందం కొలిచింది. శరీరం వాడుకోగలిగే గరిష్ఠ ప్రాణవాయువు 21 రోజుల్లో 7 శాతం పడిపోయింది. ఎనిమిది వారాలు దాటేసరికి 16 శాతం తగ్గి అక్కడ నిలిచింది.

దీన్ని మన బడి క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. 2025లో వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇచ్చారు. 49 రోజులు, సరిగ్గా ఏడు వారాలు. ఆశ్రమ పాఠశాల పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు. అక్కడ జీడిపిక్కలు ఏరాలి, చింతపండు కొట్టాలి, పోడు సరిచేసుకోవాలి. ఇంటి పని ఒళ్లు వంచుతుంది కానీ అది సాధన కాదు. జూన్‌లో బడికి తిరిగొచ్చేసరికి ఏడాదంతా పడ్డ కష్టంలో చెప్పుకోదగ్గ భాగం కరిగిపోయి ఉంటుంది. పీఈటీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. ప్రతి ఏడూ ఇదే తంతు. మన పిల్లలు జిల్లా స్థాయి దాటి పైకి వెళ్లలేకపోవడానికి ప్రతిభ లేకపోవడం కారణమని చెప్పే ముందు ఈ ఏడు వారాల సంగతి చూడాలి.

విరుగుడు కష్టం కాదు. వారానికి మూడు రోజులు, రోజుకు నలభై నిమిషాలు గట్టిగా పరుగెత్తితే, దూకితే పడిపోవడం చాలావరకు ఆగుతుంది. సెలవులకు పంపేటప్పుడే ప్రతి పిల్లకూ ఒక కాగితం మీద ఏ రోజు ఏం చేయాలో రాసిచ్చి, ఊళ్లో ఒక పెద్ద పిల్లకు బాధ్యత అప్పగించొచ్చు. పెద్ద పోటీలను వేసవి చివరలో పెడితే సెలవుల్లోనూ సాధన చేయడానికి పిల్లలకు ఒక కారణం దొరుకుతుంది. పోటీ పిల్లలకు మేలు చేసేది ఇలాగే. పోటీ రోజు కంటే, దాని కోసం ఎదురుచూసే రోజులే వాళ్లను తయారుచేస్తాయి.

దెబ్బల విషయంలోనూ అంతే. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం రూపొందించిన 20 నిమిషాల వార్మప్ పద్ధతిని నార్వేలో 1,892 మంది అమ్మాయిల మీద పరీక్షిస్తే గాయాలు మూడోవంతు దాకా తగ్గాయి. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. దానికి పరికరాలేమీ అక్కర్లేదు. మెల్లగా పరుగు, ఒంటికాలి మీద నిలబడటం, గుంజిళ్లు, మోకాలు లోపలికి వంగకుండా దూకి దిగడం. కబడ్డీ, ఖో ఖో ఆడే మన ఆడపిల్లల మోకాళ్లకు ఈ 20 నిమిషాలు బీమా లాంటివి.

0.45 సెకన్లు

100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన జాతీయ రికార్డు 13.38 సెకన్లు. ఇరవై ఏళ్లు దాన్ని ఎవరూ కదపలేదు. 2022 మేలో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 13.23కు తెచ్చింది. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో 12.78కి దింపింది. పదిహేను నెలల్లో 0.45 సెకన్లు. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పని చేసేది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడింది. హైదరాబాద్‌లో ఎన్. రమేశ్ దగ్గర పాఠాలు నేర్చింది. తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ శిక్షణలో రాటుదేలింది. మూడు మెట్లు, ముగ్గురు మనుషులు.

ఆమె కథలో పోటీలు నడిపేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. 2020 జనవరిలో మూడబిద్రిలో ఆమె 13.03 సెకన్లలో పరుగెత్తింది. డోప్ పరీక్ష ఏర్పాటు లేకపోవడంతో దాన్ని రికార్డుగా లెక్కించలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 వచ్చింది. వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. నిబంధన 2.0. అదీ పోయింది. పోటీని సరిగ్గా కొలిచే ఏర్పాటు లేకపోతే పిల్లల కష్టం కాగితం ఎక్కదు. మండల స్థాయిలో డోప్ పరీక్షలు ఎవరూ అడగరు. స్టాప్‌వాచీ, టేపు, తేదీతో రాసిపెట్టిన రిజిస్టరు మాత్రం అడగాలి. గుమ్మలక్ష్మీపురం పిల్ల ఆరో తరగతిలో వంద మీటర్లు ఎంతలో పరుగెత్తింది, తొమ్మిదికి వచ్చేసరికి ఎంతకు వచ్చింది అన్నది రాసి ఉంటే, దాన్ని చూసే కోచ్ ఏదో ఒకనాడు వస్తాడు. కూనవరం మండలం రామచంద్రాపురం నుంచి వచ్చిన ఆదివాసీ బిడ్డ కుంజా రజిత 2021లో నైరోబీలో జరిగిన ప్రపంచ అండర్-20 పోటీల్లో 4×400 రిలే జట్టులో పరుగెత్తింది. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. మన్యం నుంచి అంతదూరం దారి ఉందని ఆమె చూపించింది.

29.3 శాతం

ఆటల వల్ల సమాజంలో ఏం మారుతుందని అడిగితే ముందు ఆడపిల్లను చూడాలి. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. దేశ సగటు 23.3. పదో తరగతి దగ్గర బడి మానేసిన పిల్లకు తర్వాత మిగిలే దారి ఏమిటో ఈ అంకె చెబుతుంది. జట్టులో చోటున్న పిల్లకు బడిలో ఉండటానికి ఒక కారణం అదనంగా ఉంటుంది. ఆమె కోసం ఇంటికొచ్చి అడిగే పీఈటీ ఉంటారు, తోటి ఆరుగురు ఆటగత్తెలు ఉంటారు. బస్సెక్కి పార్వతీపురమో విజయనగరమో వెళ్లి పోటీ ఆడి వచ్చిన పిల్ల మాటకు ఇంట్లో విలువ పెరుగుతుంది.

దీనికి తగ్గ వ్యవస్థ సగం మన చేతిలోనే ఉంది. ఏకలవ్య ఆదర్శ గురుకులాల్లో ఒక్కో బడికి 480 సీట్లు. సగం ఆడపిల్లలవి. 20 శాతం సీట్లు క్రీడల్లో రాణించే గిరిజన పిల్లలకు కేటాయించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే బడికి 96 మంది. గుమ్మలక్ష్మీపురంలోనూ ఏకలవ్య పాఠశాల ఉంది. పన్‌పోష్ హాస్టల్ లాంటిది మనకు లేదని బాధపడే ముందు ఈ 96 సీట్ల సంగతి గ్రామసభలో అడగాలి. వాటిని ఎలా నింపుతున్నారు, ఆ పిల్లలకు ఏ ఆటలో ఎవరు శిక్షణ ఇస్తున్నారు అని తల్లిదండ్రులు అడిగితే తప్పకుండా కదలిక వస్తుంది.

6.2 కోట్లు

2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్ ఫైనల్లో భారత జట్టు నేపాల్‌ను 7 వికెట్ల తేడాతో ఓడించింది. ఆ మ్యాచులో 42 పరుగులు చేసిన పాంగి కరుణకుమారిది పాడేరు మండలం వంట్లమామిడి. మన ఏజెన్సీ బిడ్డ. కెప్టెన్ దీపికది శ్రీసత్యసాయి జిల్లా తంబలహట్టి. గెలిచి వచ్చాక దీపిక ఉప ముఖ్యమంత్రిని తమ ఊరికి రోడ్డు అడిగింది. రెండు రోడ్లకు కలిపి రూ.6.2 కోట్లు మంజూరయ్యాయి.

ఆటకు ఎంత శక్తి ఉందో ఇంతకంటే బాగా చెప్పలేం. ఆ అమ్మాయి పేరు వల్ల ఊరికి రోడ్డొచ్చింది, ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఒక మాట మాత్రం గుండెల్లో పెట్టుకోవాలి. రోడ్డు కోసం ఏ ఊరూ ప్రపంచకప్ గెలవాల్సిన అవసరం ఉండకూడదు. డోలీ మోతలు ఇంకా మిగిలున్న మన్యంలో రోడ్డు లేకపోతే పిల్ల పోటీకే చేరుకోలేదు. ముందు రోడ్డు పడాలి, తర్వాత కప్పు వస్తుంది.

బహుమతుల లెక్క కూడా ఇలాగే చూడాలి. రాష్ట్ర ప్రభుత్వం 2024–29 క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి ఇచ్చే మొత్తాన్ని రూ.75 లక్షల నుంచి రూ.7 కోట్లకు పెంచింది. రజతానికి రూ.5 కోట్లు, కాంస్యానికి రూ.3 కోట్లు. ఉద్యోగాల్లో క్రీడల కోటాను 2 శాతం నుంచి 3 శాతం చేసింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే క్రీడల కోటా కింద 421 వచ్చాయి. టీచరు ఉద్యోగం ఒక గిరిజన కుటుంబాన్ని తరం మొత్తం మార్చేస్తుంది. అయితే కోటాకు గుర్తింపు పొందిన పోటీల సర్టిఫికెట్లే పనికొస్తాయి. సంక్రాంతి షీల్డు ఎన్ని ఉన్నా చెల్లదు. ఊరి టోర్నీ నడిపేవాళ్లు గెలిచిన జట్టును జిల్లా సంఘాల ఎంపిక పోటీలకు తీసుకెళ్లే బాధ్యత కూడా పెట్టుకుంటే, ఆ షీల్డుకు ఉద్యోగం దాకా దారి పడుతుంది.

ఇక అడగాల్సింది

పై అంకెలన్నీ ఒక్కచోట పెడితే ఒక మండలం ఏం చేయగలదో తేలిపోతుంది. ప్రతి బడి దగ్గరా అర ఎకరం చదును, దాని మీద శాశ్వతంగా గీసిన మూడు కోర్టులు. ఆటకు పేరిచ్చే రోజునే రక్త పరీక్ష. సాధన చేసే పిల్లకు రోజూ ఒక గుడ్డు, గుప్పెడు వేరుశెనగలు. ఏడు వారాల సెలవులకు ఒక సాధన కాగితం. తేదీలతో ఒక రిజిస్టరు. ఏకలవ్యలో 96 సీట్ల లెక్క. వీటిలో ఏదీ కొత్త పథకం అడగదు. ఐటీడీఏ, పంచాయతీ, బడి, ఆరోగ్య కేంద్రం ఇప్పుడున్న పనులనే ఒకదానితో ఒకటి కలుపుకోవాలి.

పోటీలు పెట్టేవాళ్లు, అది ప్రభుత్వమైనా పోలీసులైనా యువజన సంఘమైనా, ఒక్క షరతు ఒప్పుకోవాలి. పోటీ ముగిసిన 90 రోజులకు అదే ఊరికి తిరిగి వెళ్లి మూడు అంకెలు రాయాలి. ఆ రోజు ఆడినవారిలో ఎంతమంది ఇంకా వారానికి మూడు రోజులు ఆడుతున్నారు? వాళ్లలో ఆడపిల్లలు ఎందరు? హిమోగ్లోబిన్ 12 దాటినవాళ్లు ఎందరు? ఈ మూడు అంకెలూ పెరిగితే ఆ పోటీ గెలిచినట్టు. పెరగకపోతే ఎన్ని షీల్డులు పంచినా అది ఒక్కరోజు సంబరమే. వచ్చే సంక్రాంతి పోటీల కరపత్రంలో ముఖ్య అతిథి పేరు కింద ఆ 90వ రోజు తేదీని కూడా అచ్చు వేయాలి.